హైలైఫ్, పశ్చిమాఫ్రికా ఫంక్: ఏ ఊరి వాయింపు ఎలా ఉంటుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

"ఆఫ్రికన్ ఫంక్" అని పేరు పెట్టి ఆక్రా (ఘనా), లాగోస్ (నైజీరియా), కోటోనూ (బెనిన్) పాటలన్నిటినీ ఒకే ప్లేలిస్టులో కలిపేస్తున్నారు. అలా వింటే అన్నీ ఒకేలా అనిపించడం సహజమే. కానీ ఈ సంగీతాన్ని దేశం పట్టుకుని కూడా కాదు, ఊరు పట్టుకుని వినాలి. ఏ రేవులో పుట్టింది, ఏ భాషలో పాడారు, వెనక ఏ డప్పు మోగుతోంది, బ్యాండుకి డబ్బు ఎవరిచ్చారు అన్నవి తెలిస్తే పాట మొత్తం వేరేగా వినిపిస్తుంది. ఎక్కువమంది అడిగేవాటికి నాకు తెలిసినంతలో జవాబులు ఇవి.

హైలైఫ్ అంటే అసలు ఏమిటి?

బ్రిటిష్‌వాళ్లు గోల్డ్ కోస్ట్ అని పిలిచిన ఇప్పటి ఘనా తీరంలో, 19వ శతాబ్దం చివరి నుంచి 1920ల దాకా మెల్లగా తయారైన డాన్సు సంగీతం. మూడు చోట్ల నుంచి వచ్చి కలిసింది.

ఒకటి సైన్యం. కేప్ కోస్ట్, ఎల్మినా కోటల్లో బ్రిటిష్‌వాళ్లు కరీబియన్ దీవుల నల్లజాతి సైనికులను ఉంచారు. వాళ్ల బ్రాస్ బ్యాండు విని అక్కడి ఫాంటే కుర్రాళ్లు అదాహా అనే సొంత బ్యాండు బాణీ కట్టుకున్నారు. ట్రంపెట్లు కొనలేని పల్లెల్లో అవే పాటలను డప్పులతో, గొంతులతో వాయించుకున్నారు, దానికి కొంకోమా అని పేరు. రెండోది రేవుల్లోని కల్లు దుకాణాలు. లైబీరియా నుంచి ఓడల్లో పనికి వచ్చిన క్రూ నావికులు బొటనవేలు, చూపుడువేలు రెంటితోనే గిటార్ మీటే పద్ధతిని తీరమంతా పంచారు. కల్లు కుండ పక్కన గిటార్, చేతిలో గిలక, అంతే బ్యాండు. మూడోది నగరాల్లోని పెద్దవాళ్ల క్లబ్బులు, అక్కడ సూట్లు వేసుకుని వాల్ట్జ్, ఫాక్స్‌ట్రాట్ వాయించే ఆర్కెస్ట్రాలు ఉండేవి. ఆ ఆర్కెస్ట్రాలు మధ్యమధ్యలో వీధి పాటలను కూడా వాయించడం మొదలుపెట్టాక, టికెట్టు కొనలేక బయట నిలబడి చూసే జనం దానికి హైలైఫ్ అని పేరు పెట్టారు, అంటే లోపలున్న గొప్పోళ్ల బతుకు అని. వాయిస్తున్నది మాత్రం బయటవాళ్ల పాటే.

1928లో కుమాసి ట్రియో అనే ముగ్గురు లండన్ వెళ్లి జోనోఫోన్ కంపెనీకి "యా అంపోన్సా" రికార్డు చేశారు. ఆ పాటలోని గిటార్ నడక మీద తర్వాత వచ్చిన హైలైఫ్ పాటలకు లెక్కలేదు. ఘనాలో ఏ గిటారిస్టు అయినా ముందు నేర్చుకునేది అదే.

మరి ఫంక్ ఎక్కడి నుంచి వచ్చింది?

1960ల రెండో సగంలో అమెరికా నల్లజాతివాళ్ల సోల్ రికార్డులు, ముఖ్యంగా జేమ్స్ బ్రౌన్‌వి, తీరమంతా పాకాయి. పాటకంటే బేస్, డ్రమ్ముల నడకను ముందుకు తెచ్చి అతను వాయించిన బాణీయే ఫంక్. అందరికంటే ముందు ఆ సంగీతాన్ని స్టేజీ మీద దుమ్ము రేపేలా వాయించింది ఘనా బ్యాండు కాదు, నైజీరియా బ్యాండూ కాదు, సియెర్రా లియోన్‌కి చెందిన జెరాల్డో పినో, అతని హార్ట్‌బీట్స్. మంచి ఆంప్లిఫయర్లు, మంచి బట్టలు, గట్టి రిహార్సల్సు. వాళ్లు లాగోస్‌లో వాయించినప్పుడు నైజీరియా సంగీతకారుడు ఫెలా కూటీ చూసి కంగారుపడ్డాడు, ఆ సంగతి ఫెలా తనే చెప్పుకున్నాడు. 1970లో జేమ్స్ బ్రౌన్ స్వయంగా నైజీరియా వచ్చాడు. 1971 మార్చి 6న, ఘనా స్వాతంత్ర్య దినం నాడు, ఆక్రా బ్లాక్ స్టార్ స్క్వేర్‌లో సోల్ టు సోల్ కచేరీ జరిగింది. విల్సన్ పికెట్, ఐక్-టీనా టర్నర్, సంటానా అందరూ వచ్చారు.

అయితే ఇక్కడివాళ్లు ఫంక్‌ని కాపీ కొట్టారని రాసేవాళ్లతో నాకు పేచీ. డప్పు మీద డప్పు పేర్చి, ఒకే నడకను గంటసేపు తిప్పడం వాళ్లకు ముందే ఉంది. జేమ్స్ బ్రౌన్‌ని విన్నప్పుడు వాళ్లకు అది తమ సరుకే కొత్త ప్యాకింగులో తిరిగొచ్చినట్టు అనిపించి ఉంటుంది. అందుకే అంత వేగంగా సొంతం చేసుకున్నారు.

ఘనా అంతా ఒకటే హైలైఫా?

కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు, అందుకే ఈ జవాబు పొడుగ్గా ఉంటుంది.

ఆక్రాది డాన్సు బ్యాండు హైలైఫ్. ఈ.టీ. మెన్సా, అతని టెంపోస్ దీనికి పెద్ద దిక్కు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆక్రాకు వచ్చిన బ్రిటిష్, అమెరికన్ సైనికుల దగ్గర స్వింగ్ నేర్చుకుని, దానికి కాలిప్సో, క్యూబన్ డప్పులు కలిపి బ్యాండును చిన్నదిగా, చురుగ్గా చేశారు. ట్రంపెట్, శాక్సోఫోన్ ముందుంటాయి, గిటార్ వెనకుంటుంది. 1956లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఆక్రా వచ్చినప్పుడు మెన్సాతో కలిసి వాయించాడు. మెన్సా చదివింది ఫార్మసీ, ఆ ఉద్యోగమూ చేశాడు.

కుమాసి వైపు, అశాంతి ప్రాంతంలో, గిటార్ బ్యాండుదే రాజ్యం. ఈ.కే. న్యామే 1950ల మొదట్లో గిటార్ బ్యాండుని కాన్సర్ట్ పార్టీ అనే ఊరూరా తిరిగే నాటకంతో కలిపేశాడు. రాత్రంతా నాటకం, మధ్యలో పాటలు, పాటల్లోనే కథ. అందుకే ఈ బాణీలో మాటకి విలువ ఎక్కువ. భాష అకాన్, గొంతులు రెండు జంటగా పాడతాయి, సామెతలు దండిగా ఉంటాయి. నానా అంపాడు, ఆఫ్రికన్ బ్రదర్స్ బ్యాండు 1967లో "ఎబి తె యీ" పాడారు. అడవిలో జంతువులన్నీ సమావేశమవుతాయి, చిన్న జింక వెనక చిరుతపులి కూర్చుని దాని తోక తొక్కిపెట్టి ఉంచుతుంది, పాపం జింక నోరెత్తలేదు. కొందరు హాయిగా కూర్చున్నారు, కొందరికి ఆ అవకాశం లేదు అంటుంది పాట. అప్పుడు నడుస్తున్నది సైనిక ప్రభుత్వం. ఎవరి గురించో జనానికి విడమరచి చెప్పక్కర్లేకపోయింది. నాకు ఘనా హైలైఫ్ మొత్తంలో ఇష్టమైన పాట ఇదే, దీంట్లో ఫంక్ ఒక్క చుక్క లేదు, అయినా సరే.

పడమటి తీరం, అంటే సెకొండి-తకొరాడి, వేరే లోకం. అక్కడ ఫాంటే జాలర్ల ఓసోదే పాటలు, డప్పు పాటలు ఉండేవి. సీ.కే. మాన్ వాటిని ఎలక్ట్రిక్ గిటార్లు, ఆర్గన్ మీదకి ఎక్కించాడు. అతని 1975 ఎల్‌పీ "ఫంకీ హైలైఫ్"లో పాటలు ఆగకుండా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి జారిపోతాయి, వల లాగేటప్పుడు పాట ఆపరు కదా. అదే ఊరినుంచి వచ్చిన గ్యెదు-బ్లే ఆంబోలీ 1973లో "సిమిగ్వా-డో" తెచ్చాడు, దాంట్లో పాడేదానికంటే లయకి తగ్గట్టు మాట్లాడేదే ఎక్కువ. రాప్ అనే మాట ఇంకా ఎవరి నోటా లేని రోజుల్లో. ఘనా ఫంక్ కావాలనుకునేవాళ్లు మొదట ఈ తీరానికే రావాలి అన్నది నా గట్టి అభిప్రాయం. కేప్ కోస్ట్‌వాడైన ఎబో టేలర్‌నీ ఇక్కడే చేర్చుకుంటాను. 1960ల మొదట్లో లండన్‌లో సంగీతం చదివి, అక్కడే ఫెలాతో స్నేహం చేసి, తిరిగొచ్చి హైలైఫ్ ట్రంపెట్లకు జాజ్ స్వరాలు అద్దాడు.

ఇక ఆక్రా సొంత జనమైన గా వాళ్ల వంతు. 1960ల్లో కుర్రాళ్లు పుట్టించిన క్పాన్‌లోగో డప్పు నడక వాళ్లదే. 1973లో మొదలైన వులోమె బృందం ట్రంపెట్లు, డ్రమ్‌సెట్టు పక్కనపెట్టి డప్పులు, వెదురు పిల్లనగ్రోవి, గిటార్‌తో గా భాషలో పాటలు పాడింది. ఉత్తరాన బోల్గటాంగా వైపు రెండు తీగల కొలోగో వాయిస్తారు. అది హైలైఫ్ కాదు, కానీ కింగ్ ఆయిసోబాని వినకుండా ఘనా గురించి మాట్లాడకండి.

నైజీరియా హైలైఫ్ ఘనా నుంచే వచ్చిందా?

డాన్సు బ్యాండు బాణీ మటుకు అవును, చాలావరకు. ఈ.టీ. మెన్సా 1950ల్లో పదేపదే నైజీరియా తిరిగాడు, అతన్ని చూశాక లాగోస్ బ్యాండ్లు తమ పద్ధతి మార్చుకున్నాయి. బాబీ బెన్సన్, విక్టర్ ఒలాయియా ఆ తరం. ఫెలా కుర్రతనంలో ఒలాయియా బ్యాండులో పనిచేశాడు. పోర్ట్ హార్కోర్ట్ వైపు నుంచి రెక్స్ లాసన్, కలబరి మనిషి, ట్రంపెట్ పట్టుకుని పాడుతుంటే విన్నవాళ్ల కళ్లలో నీళ్లు తిరిగే గొంతు. 1971లో రోడ్డు ప్రమాదంలో పోయాడు.

1967లో తూర్పు నైజీరియా బియాఫ్రా అనే పేరుతో విడిపోవడంతో అంతర్యుద్ధం మొదలైంది. లాగోస్ హైలైఫ్ బ్యాండ్లలో తూర్పు ప్రాంతంవాళ్లు, ముఖ్యంగా ఇగ్బోలు చాలామంది. వాళ్లు ప్రాణాలు అరచేత పట్టుకుని వెళ్లిపోయారు. లాగోస్‌లో ఖాళీ అయిన స్టేజీ పడమటి నైజీరియా యోరుబాల జుజు అనే గిటార్, డప్పుల సంగీతానికి దక్కింది. 1970లో యుద్ధం ముగిశాక హైలైఫ్ తూర్పున మళ్లీ లేచింది, కానీ ట్రంపెట్లు వెనక్కి పోయి గిటార్లు ముందుకొచ్చాయి. ఓవెర్రి నుంచి ఓరియెంటల్ బ్రదర్స్ వచ్చారు. రెండు మూడు గిటార్లు ఒకదానికొకటి అల్లుకుంటూ, కాంగో వాసన కొట్టే జోరు, పైన సర్ వారియర్ గొంతు, పాట పది పదిహేను నిమిషాలు. తర్వాత గొడవపడి విడిపోయి ఎవరికివారు అదే పేరు తగిలించుకున్నారు, అందుకే రికార్డు కొనేటప్పుడు ఏ ఓరియెంటల్ అన్నది చూసుకోవాలి. ఇంకోవైపు ఒసిటా ఒసాడెబే, నిదానం, పెద్దరికం, 1984 నాటి "ఒసోండి ఒవెండి" వింటే తెలుస్తుంది. సెలెస్టిన్ ఉక్వూ ఇంకా నెమ్మది, ఆయనవి దాదాపు తత్వాలే.

ఒనిచా నుంచి 1976లో వచ్చిన "స్వీట్ మదర్" సంగతి తెలిసే ఉంటుంది. ప్రిన్స్ నికో ఎంబార్గా తండ్రి కామెరూన్, తల్లి నైజీరియా. పాట పిజిన్‌లో, అంటే అక్కడి కలగలుపు ఇంగ్లీషులో ఉంది కాబట్టి ఆ తీరంలో అందరికీ అర్థమైంది. ఒక పెద్ద కంపెనీ వద్దని వెనక్కి పంపితే ఒనిచాలోని రోజర్స్ ఆల్ స్టార్స్ విడుదల చేసింది. కోటికి పైగా అమ్ముడుపోయిందని చెబుతారు.

బెనిన్ సిటీ, బెనిన్ దేశం ఒకటేనా?

కాదు, రికార్డుల వెనక రాసేవాళ్లు కూడా కలగలిపేస్తుంటారు. బెనిన్ సిటీ నైజీరియాలో ఉంది, ఎడో ప్రజల పాత రాజధాని. పక్కనున్న దేశం పేరు 1975 దాకా దహోమీ, తర్వాతే బెనిన్ అయింది.

బెనిన్ సిటీ అంటే విక్టర్ ఉవైఫో. 1965 నాటి "జొరోమి" అతని పేరు నిలబెట్టింది. తర్వాత ఎకసా అని కొత్త బాణీ కట్టాడు, ఎడో రాజు పట్టాభిషేకంలో ఆడే ఆట లయ దానికి మూలం. గిటార్ గట్టిగా, కాస్త మొరటుగా, ముందుకు తోస్తున్నట్టు ఉంటుంది. ఇగ్బో గిటార్ల మెత్తదనం ఇందులో వెతక్కండి.

అయితే కోటోనూ సంగతేంటి? పాలీ-రిత్మో గురించి అందరూ ఎందుకంత చెబుతారు?

చెప్పాల్సిందే. మెలోమె క్లెమాన్ 1968లో పెట్టిన ఓర్కెస్ట్ర్ పాలీ-రిత్మో ద కోటోనూ వందల పాటలు రికార్డు చేసింది. వాళ్ల సొంత పాటలే కాక, ఊళ్లో ఏ గాయకుడు రికార్డు చెయ్యాలన్నా వెనక వాయించింది తరచూ వీళ్లే. ఆల్బారికా స్టోర్ అనే లేబుల్ వీళ్లకి అండ.

దహోమీ వోదూన్ అనే దేవతారాధన మతానికి పుట్టిల్లు. పాలీ-రిత్మోని మిగతా ఫంక్ బ్యాండ్ల నుంచి వేరుచేసేది అదే. సాతో అనే లయ చనిపోయినవాళ్లను తలుచుకునే కర్మల్లోది, మనిషంత ఎత్తు డప్పు చుట్టూ నిలబడి కర్రలతో కొడతారు. సక్పాతా లయ మశూచి నుంచి కాపాడే దేవతది, మన పోలేరమ్మ లాగే ఆ దేవతకీ కోపమొస్తే రోగం, శాంతిస్తే రక్ష. ఈ గుడి లయలను తీసుకుని, వాటిమీద ఆర్గన్, వాహ్ గిటార్, ట్రంపెట్లు పెట్టి, ఫోన్ అనే అక్కడి ప్రజల భాషలో కేకలు వేస్తూ వాయించారు. బేస్ గిటార్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో మొదట అస్సలు పట్టుబడదు. డ్రమ్ముని వదిలేసి వెనక మోగే ఇనుప గంటని పట్టుకోండి, నాలుగు వినికిళ్లలో కుదురుతుంది.

అన్నట్టు పాలీ-రిత్మో హైలైఫూ వాయించింది, కాంగో రుంబా, క్యూబా పాటలు, ఆఫ్రోబీట్ కూడా వాయించింది. చిన్న దేశం, ఒకపక్క నైజీరియా, ఇంకో పక్క టోగో, దాని అవతల ఘనా. ఏ రేడియో పెట్టినా పక్క దేశం పాటే వినిపిస్తుంది. కోటోనూవాళ్లలో వినాల్సినవాళ్లు ఇంకొందరు: ఎల్ రెగో, అగ్బాజా లయ పాడిన న్యోనాస్ పెడ్రో, చింకుమే అనే లయను ఫంక్ చేసిన స్టానిస్లాస్ తొహోన్.

ఆఫ్రోబీట్, ఆఫ్రోబీట్స్ ఒకటేనా?

కాదు. ఆఫ్రోబీట్ ఫెలా కూటీ, డ్రమ్మర్ టోనీ అలెన్ కలిసి లాగోస్‌లో తయారుచేసింది. ఫెలా మొదటి బ్యాండు కూలా లోబిటోస్ హైలైఫ్-జాజ్ వాయించేది. 1969లో అమెరికా వెళ్లి బ్లాక్ పవర్ ఉద్యమాన్ని దగ్గర్నుంచి చూసి తిరిగొచ్చాక పాట మారింది: ఎల్‌పీలో ఒక వైపంతా ఒక్క పాటే, ముందు పది నిమిషాలు వాద్యాలే, ఆ తర్వాత పిజిన్‌లో ప్రభుత్వాన్ని పేరు పెట్టి కడిగెయ్యడం. సైన్యాన్ని ఎండగట్టిన "జోంబీ" తర్వాత, 1977 ఫిబ్రవరి 18న వెయ్యిమంది దాకా సైనికులు అతని ఇంటిమీద పడి తగలబెట్టారు. అతని తల్లి ఫున్మిలాయో, పేరున్న ఉద్యమకారిణి, ఆ దాడి గాయాల తర్వాత మరుసటి ఏడాది చనిపోయింది. ఆఫ్రోబీట్స్ అని చివర "స్" పెట్టి ఇప్పుడు పిలిచేది 2000ల తర్వాతి పాప్ సంగీతాన్ని, బర్నా బాయ్, విజ్‌కిడ్ వగైరా.

నైజీరియాలో ఫెలా కాకుండా ఫంక్ ఎవరు వాయించారు?

బోలెడుమంది. యుద్ధం తర్వాత తూర్పున కుర్రాళ్ల రాక్ బ్యాండ్లు పుట్టగొడుగుల్లా లేచాయి, అబా ఊరి ఫంకీస్ వాటిలో మేటి. లాగోస్‌లో బ్లో, మోనోమోనో. ఓఫెగె అయితే బడిపిల్లలు, హైస్కూల్లో ఉండగానే ఎల్‌పీ చేశారు. ఎనుగులో విలియం ఒన్యాబోర్ 1977 నుంచి 1985 దాకా సింథసైజర్లతో తన సొంత లేబుల్ మీద ఎనిమిది ఎల్‌పీలు తెచ్చి, ఆ తర్వాత పూర్తిగా క్రైస్తవ భక్తిలోకి వెళ్లిపోయి ఆ పాటల గురించి మాట్లాడ్డమే మానేశాడు.

టోగో, గినీ, మాలీ, ఐవరీ కోస్ట్ కూడా హైలైఫేనా?

టోగో దగ్గరి చుట్టం. లోమెలో రోజర్ దమవుజాన్ కేకలు వింటే జేమ్స్ బ్రౌన్ గుర్తుకు రావాల్సిందే. బెల్లా బెలో గొప్ప గాయని, 1973లో కారు ప్రమాదంలో చిన్న వయసులోనే పోయింది.

గినీ, మాలీ మాత్రం వేరే కథ, వాటిని హైలైఫ్ అనకండి. అక్కడి గిటార్ వెనకున్నది మాండింగ్ ప్రజల వంశపారంపర్య గాయకులు వాయించే కోరా (తీగల వాద్యం), బాలఫోన్ (కర్ర పలకల వాద్యం). గినీకి 1958లో స్వాతంత్ర్యం రాగానే సెకూ తూరే ప్రభుత్వం పాత డాన్సు బ్యాండ్లను రద్దుచేసి, వాద్యాలు కొనిచ్చి, జీతాలిచ్చి కొత్త ఆర్కెస్ట్రాలు పెట్టించింది. మన పాటలే వాయించాలి అన్నది షరతు. సిలిఫోన్ అనే ప్రభుత్వ లేబుల్ రికార్డులు తీసింది. బెంబెయా జాజ్ అలా పైకొచ్చింది. సర్కారు జీతం కాబట్టి తీరిగ్గా సాధన చేశారు, సర్కారు జీతం కాబట్టే నాయకుణ్ణి పొగిడే పాటలూ పాడారు. రెండూ నిజమే. బమాకోలో రైల్వే స్టేషన్ హోటల్లో వాయించిన రైల్ బ్యాండుదీ ఇంచుమించు ఇదే తోవ. ఐవరీ కోస్ట్‌లో ఎర్నెస్టో జెజె బెతె ప్రజల లయతో జిగ్లిబితీ అని కట్టాడు, అది ఫంక్ ఇష్టపడేవాళ్లకి వెంటనే ఎక్కుతుంది.

భాష రాదు కదా, వినడం దండగ కాదా?

కాదు. కానీ కుమాసి గిటార్ బ్యాండు పాటలకీ, ఫెలాకీ అర్థం వెతుక్కుని వినండి, సగం పాట అందులోనే ఉంది. కోటోనూ ఫంక్, తకొరాడి ఫంక్ అర్థం లేకుండా కూడా నిలబడతాయి.

1980ల్లో ఘనా బ్యాండ్లన్నీ ఏమైపోయాయి?

డబ్బు కరువు, ఒకదాని వెనక ఒకటి సైనిక తిరుగుబాట్లు, 1981 చివరి తిరుగుబాటు తర్వాత రెండేళ్లకు పైగా రాత్రి కర్ఫ్యూ. రాత్రిపూట వాయించి బతికేవాడికి రాత్రే లేకుండా చేస్తే ఇంకేం చేస్తాడు? దానికి తోడు వాద్యాల మీద భారీ దిగుమతి సుంకం. కొందరు చర్చిల్లో చేరారు, అక్కడ వాద్యాలూ ఉన్నాయి, స్టేజీ ఉంది, అందుకే గాస్పెల్ హైలైఫ్ అంత పెరిగింది. కొందరు జర్మనీ వెళ్లారు. అక్కడ సింథసైజర్, డ్రమ్ మెషీన్ పెట్టి చేసిందే బర్గర్ హైలైఫ్, 1983లో జార్జ్ డార్కో "అకూ తె బ్రొఫో"తో అది పేలింది. పాత రికార్డులు పోగుచేసేవాళ్లు దీన్ని చిన్నచూపు చూస్తారు. నాకది అన్యాయం అనిపిస్తుంది, వలసపోయినవాళ్ల దిగులంతా అందులో ఉంది, డాడీ లుంబా పాటలు వినండి.

పాత రికార్డులు ఇప్పుడు మళ్లీ వస్తున్నాయి కదా, ఆ డబ్బు కళాకారులకు చేరుతోందా?

లేబుల్‌ని బట్టి. సౌండ్‌వే 2002లో "ఘనా సౌండ్జ్"తో, ఆనలాగ్ ఆఫ్రికా 2008లో "ఆఫ్రికన్ స్క్రీమ్ కాంటెస్ట్"తో ఈ సంగీతాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చాయి, ఊరూరా తిరిగి కళాకారులను వెతికి ఒప్పందాలు చేసుకున్నాయి. అనుమతి లేకుండా అచ్చేసేవాళ్లూ ఉన్నారు. కొనేముందు కవర్ లోపల చూడండి: ఎవరు ఎప్పుడు ఎక్కడ రికార్డు చేశారో, హక్కులు ఎవరి దగ్గర తీసుకున్నారో రాసి ఉండాలి. పాటలు మాత్రమే ఉండి మనుషుల పేర్లు లేని డిస్కుని నేను కొనను, మీరూ కొనకండి.

మన దేశానికి ఈ సంగీతం ఎప్పుడైనా వచ్చిందా?

ఒసిబిసా వచ్చింది. లండన్‌లో ఘనావాళ్లు, కరీబియన్‌వాళ్లు కలిసి పెట్టిన బ్యాండు, నాయకుడు టెడీ ఒసెయ్. 1981లో ఇక్కడ వాయించిన కచేరీ ఎల్‌పీగా కూడా వచ్చింది. హైలైఫ్ కంటే ఆఫ్రో-రాక్ పాలు ఎక్కువ.

సరే, ఎక్కడ మొదలుపెట్టమంటారు?

డాన్సు చెయ్యాలనిపిస్తే సీ.కే. మాన్. కూర్చుని వినాలనిపిస్తే ఒసాడెబే. తల తిరగాలి అనుకుంటే పాలీ-రిత్మో, అదీ 1970ల మధ్యలోవి. ఒక ఊరు ఎంచుకుని కొన్ని వారాలు దాంట్లోనే ఉండండి, ఆ తర్వాతే ఇంకో ఊరికి వెళ్లండి. మొదట గంట మోత వినండి, అది మారదు, మిగతావన్నీ దాన్ని చూసుకునే నడుస్తాయి. తర్వాత రెండో గిటార్. అందరూ సోలో గిటార్ వెంట పడతారు గానీ, పాట నడిపించేది వెనక అదే రెండు ముక్కలు తిప్పితిప్పి వాయించే రెండో మనిషి.